నల్లగొండ ఎండల్లో చవక వింటర్ టైర్లు పనికివస్తాయా? వాటి పనితీరును ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: నల్లగొండ బాటసారి

అందరికీ నమస్కారం. నాది నల్లగొండ. ఆరేళ్లుగా డిజైర్ కారు నడుపుతున్నాను. వారానికి రెండుసార్లు నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదుకు, నెలకోసారి మిర్యాలగూడలోని అత్తగారింటికి, ఏడాదికి రెండు మూడు సార్లు దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలానికి వెళ్లివస్తుంటాను. టైరు కొలత 185/65 ఆర్ 15. ఇప్పుడున్న నాలుగు టైర్లూ 48 వేల కిలోమీటర్లు తిరిగాయి. గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తులు పై రబ్బరుతో సమానం కావడానికి ఇక ఎక్కువ రోజులు పట్టదు కనుక, వానలు మొదలయ్యే లోపల వీటిని మార్చక తప్పదు.

పట్టణంలో ఒక దుకాణంలో అడిగితే, పేరున్న స్వదేశీ టైరు ధరలో మూడింట రెండు వంతులకే విదేశీ టైర్లు నాలుగు ఇస్తామన్నారు. వాటి పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ, పక్కన ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు ఉన్నాయి. అంటే మంచు కురిసే చలి దేశాల కోసం చేసే వింటర్ టైర్లు. "మంచు మీదనే జారని టైరు మన వానకు జారుతుందా సార్" అన్నారు దుకాణదారు. గోరుతో నొక్కి చూస్తే రబ్బరు నిజంగానే మెత్తగా ఉంది. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

అయితే అవే టైర్లు వేయించుకున్న మా సహోద్యోగి కారును ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం చిట్యాల దాకా నడిపి చూశాను. స్టీరింగ్ తిప్పిన తరువాత కారు ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతున్నట్టు, మలుపులో టైరు పై భాగం పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించింది. అది నా భ్రమ కావచ్చు, టైరు గుణమే కావచ్చు, తేల్చుకోలేకపోయాను.

బ్రేకు విషయంలో నాకింత పట్టింపు ఉండడానికి కారణం చెబుతాను. పోయిన కార్తీకంలో మిర్యాలగూడ రోడ్డు మీద సగం వెడల్పుకు వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ రావడంతో కారును వడ్ల మీదికి దించి బ్రేకు వేశాను. ఆగవలసిన చోట కారు ఆగలేదు. వడ్ల అంచున పేర్చిన రాళ్లను తాకి ఆగింది. వెనక సీట్లో నా కూతురు ఉంది. దానికి ఏమీ కాలేదు, కానీ ఆ నాలుగైదు గజాల జారుడు నాకు ఈ రోజుకూ గుర్తుకు వస్తూనే ఉంటుంది. తక్కువ ధర టైరు కొనడానికి నాకు సంకోచం లేదు. అది తగినదో కాదో కొనకముందే, లేదా కొన్న తొలి వారంలోనే, నాలాంటి సామాన్యుడు ఎలా తెలుసుకోగలడో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం: దేవరకొండ నుంచి బవేరియా

నమస్కారం అన్నగారూ. మాది దేవరకొండ పక్కన ఒక పల్లె. పదకొండేళ్లుగా జర్మనీలోని బవేరియాలో ఉద్యోగం చేస్తున్నాను, చవక వింటర్ టైరును దాని సొంత వాతావరణంలో మూడు చలికాలాలు నడిపాను. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

మీరు చూసిన రెండు గుర్తులూ ఒకటి కావు. ఎం ప్లస్ ఎస్ అంటే బురదకూ మంచుకూ అని అర్థం. దాన్ని తయారీదారు తన గాడుల ఆకృతిని బట్టి తానే వేసుకుంటాడు. కొండ, మంచు పువ్వు బొమ్మ మాత్రం నిర్ణీతమైన మంచు పరీక్షలో, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి చూసినప్పుడు తగినంత ఎక్కువ పట్టు చూపించిన టైరుకే దక్కుతుంది. రోడ్డు మీద మంచు పేరుకున్నప్పుడు ఇక్కడ శీతాకాలానికి తగిన టైర్లు లేకుండా కారు నడపడం నేరం. 2024 అక్టోబరు నుంచి అందుకు ఆ కొండ గుర్తు ఉన్న టైర్లనే అంగీకరిస్తున్నారు, వట్టి ఎం ప్లస్ ఎస్ చాలదు. కాబట్టి మీ దుకాణదారు చూపిన గుర్తు విలువైనదే. కానీ అది మంచు మీద పట్టును గురించి మాత్రమే సాక్ష్యం చెబుతుంది. వాన రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో, ఎండ రోడ్డు మీద ఎంత త్వరగా అరుగుతుందో ఆ బొమ్మకు సంబంధం లేదు.

రబ్బరు వేడిని బట్టి స్వభావం మార్చుకునే పదార్థం. మన దగ్గర అమ్మే మామూలు టైరు రబ్బరు చలి పెరిగేకొద్దీ, సుమారు 7 డిగ్రీల కిందికి దిగేసరికి, బిరుసెక్కుతూ రోడ్డు గరుకులోకి ఒదగడం తగ్గిపోతుంది. వింటర్ టైరు మిశ్రమంలో సహజ రబ్బరు వాటా, సిలికా వాటా పెంచి, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దానికి తోడు పై రబ్బరు దిమ్మెల నిండా బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు పెడతారు. కారు కదిలినప్పుడు ఆ చీలికలు విచ్చుకుని, వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. ఇదే ఏర్పాటు వేడి రోడ్డు మీద ఎదురు తిరుగుతుంది. అప్పటికే మెత్తనిదైన రబ్బరు ఇంకా మెత్తబడుతుంది, చీలికల వల్ల దిమ్మెలు నిలకడ లేకుండా అటూ ఇటూ వంగుతాయి, వంగిన ప్రతిసారీ లోపల వేడి పుడుతుంది, పై పొర చకచకా అరిగిపోతుంది. స్టీరింగ్ తిప్పాక కారు ఆలస్యంగా తిరిగిందన్నారు కదా, అది మీ భ్రమ కాదు. చక్రం తిరిగినా, దిమ్మెలు వంగడం పూర్తయ్యే దాకా కారు తిరగదు.

ఇక చవక టైరు సంగతి. నేను వచ్చిన కొత్తలో డబ్బులకు ఇబ్బందిగా ఉండి, అన్నిటికంటే తక్కువ ధరకు దొరికిన వింటర్ టైర్లు కొన్నాను. తొలి మంచు కురిసిన ఉదయం ఎత్తు మీదికి ఎక్కడం, సిగ్నల్ దగ్గర ఆగడం, మలుపు తిరగడం అన్నీ నేను భయపడినదాని కంటే బాగున్నాయి. ఆ ఉత్సాహంతో ఇంటికి ఫోను చేసి చెప్పాను కూడా. నిరాశ వచ్చింది మంచులో కాదు, నవంబరు వానలో. నాలుగైదు డిగ్రీల చలి, తడిసిన నున్నని తారు, అరవై కిలోమీటర్ల వేగం. కాస్త గట్టిగా బ్రేకు తొక్కగానే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు) గడగడమని కొట్టుకోవడం మొదలుపెట్టేది. అదే చోట స్నేహితుడి ఖరీదైన టైర్ల కారు నిశ్శబ్దంగా ఆగేది. దీనికి కారణం ఉంది. మంచులో పట్టు తేవడానికి మెత్తని మిశ్రమం, దట్టమైన చీలికలు ఉంటే చాలావరకు సరిపోతుంది. తడి మీద పట్టు, పొడి మీద నిలకడ, తక్కువ అరుగుదల, ఈ మూడింటినీ మంచు పట్టుతో పాటు ఒకే టైరులో ఇమడ్చడం మాత్రం కష్టం. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. ధరలోని తేడా ఎక్కువగా ఆ పొందికకే పోతుంది.

అలాగని చవక అన్నదంతా ఒక గాటన కట్టలేము. పెద్ద కంపెనీలు తమ కిందనే రెండో శ్రేణి పేర్లు నడుపుతుంటాయి: బారుమ్ కాంటినెంటల్‌ది, సావా గుడ్‌ఇయర్‌ది. పైగా ఐరోపాలో ప్రతి కొత్త టైరుకూ ఇంధనం, తడి పట్టు, చప్పుడు తెలిపే చీటీ తప్పనిసరి. తడి పట్టుకు ఏ నుంచి ఈ దాకా అక్షరాలు ఉంటాయి, 2021 మే నుంచి మంచు గుర్తు కూడా ఆ చీటీ మీదికి వచ్చింది. ఇక్కడి మోటారు వాహనదారుల సంఘం ఏడీఏసీ ఏటా టైర్లను పరీక్షించి ఫలితాలు బయటపెడుతుంది. ఇప్పుడు నడక భద్రతకు నూటికి 70 పాళ్లు, పర్యావరణానికి 30 పాళ్లు ఇస్తోంది. నేను రెండోసారి కొన్నప్పుడు ధర కంటే ముందు తడి పట్టు అక్షరం చూశాను. ఆ టైర్లు మధ్య ధరవే అయినా ఇప్పటికీ వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

పట్టులో చిన్న తేడా ఎంత పెద్దదో ఒక లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.8 అయితే బ్రేకు పడ్డాక 31 మీటర్లు దాటి ఆగుతుంది. అదే 0.7 అయితే 36 మీటర్లు పడుతుంది. తేడా నాలుగున్నర మీటర్లు, అంటే మీ డిజైర్ పొడవు కంటే కొంచెం ఎక్కువ. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో కారు వచ్చేసరికి దానికింకా 28 కిలోమీటర్ల వేగం మిగిలే ఉంటుంది. మీరు రాళ్లను తాకిన రోజు మీకు తక్కువ పడింది ఈ కొద్దిపాటి దూరమే అయ్యుండవచ్చు.

మన నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. ఆ ఎండలో తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. చలికాలం తెల్లవారుజామున కూడా సాధారణంగా పది డిగ్రీలకు పైనే ఉంటుంది. అంటే ఆ టైరు పనిచేయడానికి పుట్టిన ఉష్ణోగ్రత మీ ఊరి రోడ్డు మీద దాదాపుగా రాదు. మంచి వింటర్ టైరు అయినా అక్కడ వద్దంటాను. చవకది అసలే వద్దు.

సమాధానం: సూర్యాపేట టైర్ల కొట్టు

పై సోదరుడు రబ్బరు సంగతి చెప్పారు. నేను పద్దెనిమిదేళ్లుగా జాతీయ రహదారి పక్కన టైర్లు విప్పి బిగిస్తున్నవాడిని కనుక కొట్లో చూడవలసినవి చెబుతాను.

ముందు ఆ టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి. మన దేశంలో అమ్మే కారు టైరుకు అది తప్పనిసరి, ప్రమాణం సంఖ్య ఐఎస్ 15633. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్ష పెట్టి, లైసెన్సు ఉంటేనే తేవాలని చెప్పింది. అందుచేత ఐఎస్ఐ లేని విదేశీ టైరు చవకగా దొరికితే, అది పాత నిల్వ కావచ్చు, సరైన దారిన రాని సరుకు కావచ్చు. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3419 అని ఉంటే 2019లో 34వ వారంలో తయారైందని అర్థం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మీరు గోరుతో నొక్కి చూశారు కానీ, గాడుల అడుగున, పక్క గోడ మడత దగ్గర సన్నని పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడవలసింది. జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపేయండి. రేపు పక్క గోడకు బుగ్గ వస్తే వారంటీకి ఆ కాగితమే ఆధారం.

కొలత తరువాత వచ్చే 88 టి, 88 హెచ్ వంటి అంకె, అక్షరం చాలామంది చూడరు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల బరువు మోస్తుంది. టి అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కారు తయారీదారు చెప్పినదాని కంటే తక్కువ అంకె ఉన్న టైరు ఎంత చవకగా వచ్చినా వేయకూడదు. మనమెవరం 190లో పోము, నిజమే; కానీ వేగం అక్షరం టైరు వేడిని తట్టుకునే శక్తికి కూడా గుర్తు.

మన వైపు వేసవిలో టైర్లు పేలడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. నా కొట్టుకు వచ్చే పేలిన టైర్లలో ఎక్కువ భాగం గాలి తక్కువగా ఉండగా నిండు బరువుతో పోయినవే. గాలి తగ్గితే పక్క గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా మడత పడుతుంది, ఆ మడతలోనే వేడి పుట్టి లోపలి దారాలు విడిపోతాయి. ఎండకు గాలి వ్యాకోచిస్తుందని మధ్యాహ్నం వేడి టైరులోంచి గాలి తీసేవాళ్లున్నారు. అది ప్రమాదం. ఉదయం, బండి కదలక ముందు, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసి ఉంటే అంత పెట్టండి. మీ పాత టైర్లు పారేసే ముందు ఒకసారి చూడండి: రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ, ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, పోయింది. దాన్ని సరిచేయకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి.

స్వదేశీ టైర్లలోనూ తక్కువ ధరవి ఉన్నాయి. దొర్లుడు నిరోధం (టైరు దొర్లడానికి ఎంత శక్తి వృథా అవుతుందో), తడి పట్టు, చప్పుడు, ఈ మూడింటికీ కనీస ప్రమాణాలు పెడుతూ ఏఐఎస్ 142 అనే మన దేశపు వాహన ప్రమాణాన్ని 2022లో నోటిఫై చేశారు. కనుక ఈ మధ్య తయారైన స్వదేశీ టైరు కింది ధరదైనా తడి పట్టులో కనీస ప్రమాణం అందుకోవలసిందే. నేనైతే పాత ఖరీదైన టైరు కంటే కొత్త తేదీ ఉన్న మామూలు టైరునే ఇస్తాను.

సమాధానం: జడ్చర్ల క్యాబ్

సార్, పై ఇద్దరు పెద్దల మాటను చాలావరకు ఒప్పుకుంటూ ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. అలాంటి మెత్తని దిగుమతి టైర్లను నేను నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం నడిపాను. జూలై, ఆగస్టుల్లో అవి బాగా పట్టాయి. మన్ననూరు దాటాక నల్లమల అడవి దారిలో, దోమలపెంట నుంచి దిగే ఘాట్‌లో, ఆకులు రాలి తడిసిన మలుపుల మీద కూడా ఒక్కసారీ జారలేదు. కాబట్టి తడిలో పనికిరావు అనడం నా అనుభవానికి సరిపోదు. అయితే దసరా నాటికే గాడులు సగం అరిగాయి, హోలీకి గుండు అయ్యాయి. పదిహేడు వేల కిలోమీటర్లకే నాలుగూ పోయాయి. మూడో వంతు ధర మిగిలిందని కొన్నవాడిని, మామూలు టైరు నలభై వేలకు పైగా నడుస్తుంది కనుక, లెక్క వేస్తే నష్టపోయాను. ధరను టైరుకు కాదు, కిలోమీటరుకు లెక్కకట్టాలని అప్పుడు తెలిసింది.

ఇంకొక మాట. వడ్ల మీద ఏ టైరూ ఆపదు సార్. గింజలు టైరుకూ రోడ్డుకూ మధ్య గుండ్రంగా దొర్లుతాయి. రబ్బరు రోడ్డును తాకితే కదా పట్టు. రేగడి పొలాల దగ్గర ట్రాక్టర్లు తెచ్చి వేసిన మట్టి తొలి వానకు నానినప్పుడూ అంతే. అక్కడ ముందుగా వేగం తగ్గించడం తప్ప మార్గం లేదు. ఆనాటి తప్పును టైరు మీదా, మీ మీదా వేసుకోకండి.

పరీక్ష అడిగారు కనుక నేను చేసే పద్ధతి రాస్తున్నాను. రహదారి మీద ఇది చేయకూడదు. మన ఊళ్ల చుట్టూ ప్లాట్లు అమ్మి ఇళ్లు కట్టని వెంచర్లు చాలా ఉన్నాయి; వాటిలో మనిషీ పశువూ తిరగని తారు రోడ్డు చూసుకుని, అడిగి, పగటిపూట వెళ్లండి. రోడ్డు మీద సుద్దతో అడ్డగీత గీయండి. ఫోనులోని జీపీఎస్ వేగం 50 చూపగానే అదే వేగం నిలిపి, ముందు చక్రం గీతను తాకగానే బ్రేకు పూర్తిగా తొక్కి పట్టండి. పక్కన ఒకరు నిలబడి, ఆగిన చోటు దాకా టేపుతో కొలవాలి. ఒకసారి చాలదు, ఐదుసార్లు చేసి, అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ వదిలేసి మిగిలిన మూడింటి సగటు తీయండి. మధ్యలో బ్రేకులు చల్లారనివ్వండి. తరువాత నీళ్ల ట్యాంకరుతో తడిపి, లేదా వాన పడిన వెంటనే, మళ్లీ చేయండి. పాత టైర్లతో ఇప్పుడే కొలిచి పెట్టుకుంటే, కొత్తవి వేసిన తరువాత పోల్చుకోవచ్చు. గాలి, కారులోని మనుషులు, రోడ్డు ముక్క, మూడూ మారకూడదు. కొత్త టైరును మాత్రం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాకే పరీక్షించండి, పైన నున్నటి పొర ఉంటుంది.

సమాధానం: దేవరకొండ నుంచి బవేరియా

జడ్చర్ల తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు, నా మాటను సవరించుకుంటున్నాను. వాన పడి రోడ్డు చల్లబడినప్పుడు, వేగం తక్కువగా ఉన్న ఘాట్‌లో, గాడులు లోతుగా ఉన్న కొత్త టైరు నీటిని బాగా తోడివేస్తుంది. మెత్తని రబ్బరూ తోడ్పడుతుంది. నేను చెప్పిన బలహీనత ఎక్కువ వేగంలో గట్టి బ్రేకు తొక్కినప్పుడు బయటపడుతుంది. ఇంకో సంగతి, ఆయన టైర్లు దసరాకే సగం అరిగాయన్నారు. టైరు ఎనిమిది మిల్లీమీటర్ల లోతులో ఉన్నప్పటి వాన పట్టు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఉండదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకున్నా, వానల్లో నేను మూడు దగ్గరే మారుస్తాను. కొత్త టైరుతో చేసిన పరీక్షను సగం అరిగాక మళ్లీ చేస్తేనే ఆ టైరు గుణం పూర్తిగా తెలుస్తుంది. అన్నగారూ, మీరు కొలిస్తే గాడి లోతును కూడా పక్కన రాసిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: నల్లగొండ బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి టార్చి వేసి చూశాను. నాలుగు టైర్లలో రెండింటి మీద తయారీ అంకెలు 4118, మిగిలిన రెండింటి మీద 0719. ఐఎస్ఐ గుర్తు దేని మీదా కనిపించలేదు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిస్తామన్నారు. వాటిని వదిలేశాను. సహోద్యోగికి కూడా ఈ సమాధానాలన్నీ చదివి వినిపించాను. ఆయన తన టైర్ల అంచులు చూసుకోవడానికి ఈ ఆదివారం సూర్యాపేట వస్తానంటున్నారు.

కొత్తగా స్వదేశీ టైర్లు, 88 హెచ్, ఈ ఏడాది తేదీవి, అలైన్‌మెంట్‌తో సహా చేయించడానికి మాట్లాడుకున్నాను. చవక టైరుకు ఇవ్వవలసినదాని కంటే ఎక్కువే అవుతోంది, కానీ కిలోమీటరుకు లెక్కకట్టమన్న మాట నాకు నచ్చింది. బిగించడానికి ముందు, పాత టైర్లతోనే, పానగల్లు వైపు ఉన్న ఒక వెంచరు రోడ్డు మీద మొన్న పొద్దున కొలిచాను. పొడి రోడ్డు, 50 కిలోమీటర్ల వేగం, కారులో నేనొక్కడినే, గాడి లోతు ముందు రెండు మిల్లీమీటర్లు, వెనక రెండున్నర. ఐదింటిలో నడుమ మూడు కొలతలు 13.9, 14.2, 14.6 మీటర్లు. తడి కొలత కోసం వాన దాకా ఆగలేక, తెలిసిన ట్యాంకరు ఆయనను శనివారానికి రమ్మన్నాను. కొత్తవి బిగించి మూడు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే గీత దగ్గర మళ్లీ కొలిచి, రెండు వరుసలూ ఇక్కడే పెడతాను.